డ్రా ఎవరిచ్చారు?

చదరంగంలో డ్రా అంటే ఇద్దరికీ చెరో అరపాయింటు. గెలుపు లేదు, ఓటమి లేదు. సమానత్వానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ ఉండదేమో అనిపిస్తుంది. కానీ స్త్రీల హక్కుల గురించి మాట్లాడేవాళ్ళం ఫలితం చూసి ఊరుకోలేం. ఆ ఫలితం దగ్గరికి ఎవరు ఎక్కడినుంచి బయలుదేరి వచ్చారో, దారిలో ఎవరు ఏం వదులుకున్నారో కూడా అడగాలి. పెద్దమనుషుల పంచాయితీలలో 'ఇద్దరూ ఒప్పుకున్నారు' అని రాసిన రాజీ పత్రాలు మన సంఘాలలో పనిచేసే ప్రతి ఒక్కరూ చూసినవే. పరస్పర అంగీకారం అనే ఆ రెండు మాటల కింద ఆమె పుట్టింటి పేదరికం, పిల్లల ఫీజు, రేపు ఎక్కడ తలదాచుకోవాలన్న భయం అన్నీ దాగి ఉంటాయి. సంతకాలు మాత్రం రెండూ ఒకే సైజులో ఉంటాయి.

చదరంగంలో కూడా ఎక్కువ డ్రాలు పరస్పర అంగీకారంతోనే జరుగుతాయి. అందుకే ఈ సంచికలో ఒక చిన్న ఆట గురించి, దాని వెనక ఉన్న పెద్ద ఆట గురించి రాయాలనిపించింది.

జ్యోతినగర్‌లో పిల్లల పోటీ ఒకటి ఈ మధ్య చూశాను. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు. ఆడ, మగ కలిపి ఒకటే విభాగం, చివర్లో అమ్మాయిలకు వేరేగా ఒక బహుమతి. ఆఖరి రౌండు మొదలయ్యేసరికే సాయంత్రమైంది. ముందు వరుస బల్లలలో ఒకదాని దగ్గర ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఆడుతున్నారు. అమ్మాయి గోదావరిఖని వైపు నుంచి వచ్చింది, తండ్రి బొగ్గుగనిలో కార్మికుడు. అబ్బాయి టౌన్‌షిప్ క్వార్టర్లలో ఉంటాడు. ముప్పై ఎత్తులు దాటేసరికి ఇద్దరికీ ఒక్కో ఏనుగు మిగిలింది, అమ్మాయికి ఒక భటుడు ఎక్కువ ఉన్నాడు. అలాంటి స్థితి గెలుపని చెప్పలేం. కానీ ఓపికగా ఆడి చూడవలసిన స్థితి, గెలిచే అవకాశమంటూ ఉంటే అది అమ్మాయికే. అబ్బాయి డ్రా అడిగాడు. అమ్మాయి బోర్డు వంక కాక గోడ గడియారం వంక చూసి చేయి చాపింది.

పక్కన నిలబడ్డ పెద్దలలో ఒకాయన "అబ్బాయి మంచోడు, డ్రా ఇచ్చిండు" అన్నాడు. ఇంకొకాయన "ఆడపిల్లకు డ్రా అంటే గెలిచినట్టే" అన్నాడు. ఇద్దరూ మెచ్చుకోలుగానే అన్నారు. బయట చెప్పులు వేసుకుంటున్న ఆ అమ్మాయిని, ఒక భటుడు ఎక్కువ ఉన్నా ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. "పొద్దుగూకినంక పోతే మా అమ్మ తిడ్తది మేడం. నాయినది సెకండ్ షిఫ్టు, తీస్కపోయేటోల్లు లేరు. ఆలస్యమైతే మల్ల పోటీకి రానియ్యరు" అంది.

ఆ అబ్బాయి తప్పు ఏమీ లేదు. నియమం ప్రకారం తన ఎత్తు వేసి, గడియారం నొక్కకముందు డ్రా అడిగాడు. ఒప్పుకోవడానికి, వద్దనడానికి అవతలివారికి పూర్తి స్వేచ్ఛ ఉంది. నోటితో వద్దనక్కర్లేదు, తర్వాతి ఎత్తు వేస్తే చాలు, తిరస్కరించినట్టే. బయటివాళ్ళెవరూ కలగజేసుకోకూడదు. ఆడే ఇద్దరికీ ఇంత స్పష్టమైన స్వేచ్ఛనిచ్చే నియమావళి మన కుటుంబ చట్టాలలో కూడా కనబడదు. అయినా ఆ అమ్మాయి వద్దనలేకపోయింది. బోర్డు మీద ఉన్న హక్కును బోర్డు బయటి జీవితం రద్దుచేసింది. డ్రా ఇచ్చింది ఆ అబ్బాయి కాదు, ఆ అమ్మాయి. ఇవ్వాల్సి వచ్చింది కనుక ఇచ్చింది.

ఈ ఊరి స్వభావం కొంత తెలిస్తే ఆమె మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 1978 నవంబరులో పునాదిరాయి పడి, 1983లో మొదటి యూనిట్ పనిచేయడం మొదలైన రామగుండం థర్మల్ కేంద్రం ఉద్యోగుల కోసం వెలసిన టౌన్‌షిప్ జ్యోతినగర్. చెట్లు, పార్కు, బడి, క్లబ్బు, వీధిదీపాలు అన్నీ పద్ధతిగా ఉంటాయి. ఆ కేంద్రానికి బొగ్గు ఇచ్చేది పక్కనే ఉన్న సింగరేణి గనులు. గోదావరిఖని జీవితమంతా షిఫ్టుల మీద నడుస్తుంది. మగవాడి షిఫ్టును బట్టి ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలగాలో, టిఫిన్ గిన్నె ఎప్పుడు సర్దాలో, పిల్లలు ఎప్పుడు గొంతు తగ్గించి మాట్లాడాలో నిర్ణయమవుతాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతాడు. ఆ ఇంటి ఆడవాళ్ళకు మాత్రం షిఫ్టు దిగడం అంటూ లేదు. తల్లి బయట కాంట్రాక్టు పనికో, ఇళ్ళలో పనికో వెళితే, ఆ తల్లి స్థానంలోకి దిగేది బడినుంచి వచ్చిన కూతురు. చదరంగానికి కావలసింది బోర్డు, ముప్పైరెండు పావులు అని అంటారు. అసలు కావలసింది ఎవరూ పేరు పెట్టి పిలవని రెండు గంటలు. ఆ రెండు గంటలు మన ఇళ్ళలో కొడుకులకు దొరికినంత సులువుగా కూతుళ్ళకు దొరకవు.

ఈ ప్రాంతంలో ఆడపిల్లకు హద్దు గీసింది ఇల్లొక్కటే కాదు, చట్టం కూడా. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలు భూగర్భ గనుల్లో పనిచేయడాన్ని నిషేధించింది. ఉపరితలం మీద కూడా రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా పనిచేయరాదంది. అది రక్షణ కోసమే అన్నారు. గనుల్లో ప్రమాదం నిజమే, కానీ ఆ ప్రమాదాన్ని తగ్గించడం కన్నా స్త్రీని తప్పించడం సులువనిపించింది. 2019 జనవరిలో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులలో స్త్రీలు తమ లిఖిత సమ్మతితో భూగర్భంలోకి వెళ్ళవచ్చంది. అంటే ఆ నిషేధం కింద మూడు తరాల ఆడపిల్లలు పెరిగారు. ఊరికి అన్నం పెట్టే పని తమది కాదని, రాత్రి తమది కాదని వాళ్ళు నేర్చుకున్నారు. చీకటి పడకముందు ఇల్లు చేరాలన్న ఆ అమ్మాయి తొందర ఆమె ఒక్కతే తెచ్చుకున్నది కాదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. ఇది చిన్న విషయం కాదు, ఎందరో ఆడపిల్లలు కాలేజీ మానకుండా కాపాడగల మార్పు. కానీ టికెట్టు పోయింది గాని చీకటి పోలేదు. పోటీ ముగిసే వేళకు బస్సు ఉందా, స్టాపు నుంచి ఇంటిదాకా దీపాలున్నాయా అని నిర్వాహకులెవరూ ఆలోచించరు. ఆటల పోటీల షెడ్యూలు వేసేవారికి ఇవి ఆటకు సంబంధించిన విషయాలుగా తోచవు. ఆడపిల్లకు మాత్రం ఇవే మొదటి ఎత్తులు.

చదరంగం బలంతో ఆడే ఆట కాదు, అక్కడ ఆడ మగ తేడా ఉండదు అని వాదించేవాళ్ళకు ఈ ఆట చరిత్ర కొంచెం గుర్తుచేయాలి. 1976లో పదమూడేళ్ళ రోహిణీ ఖాడిల్కర్ పురుషుల జాతీయ చాంపియన్‌షిప్‌లో ఆడడానికి దిగితే దేశంలో పెద్ద గొడవ జరిగింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. చివరికి అప్పటి ప్రపంచ చెస్ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే, స్త్రీలను జాతీయ, అంతర్జాతీయ పోటీల నుంచి మినహాయించడానికి వీల్లేదని తేల్చాడు. పదేళ్ళ తర్వాత, 1986లో, హంగరీకి చెందిన సుసాన్ పోల్గార్ 'పురుషుల' ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి దశకు అర్హత సంపాదించినా ఆడనివ్వలేదు. ఆ మరుసటి జనవరి రేటింగు జాబితాలో, పోటీల్లో ఆడుతున్న స్త్రీలందరికీ నూరు పాయింట్లు కలిపి, ఆమె ఒక్కదానికే కలపలేదు. ఆమె మగవాళ్ళతో ఎక్కువగా ఆడింది కనుక ఆ సవరణ ఆమెకు వర్తించదన్నారు. మొదటి స్థానంలో ఉన్న మనిషి ఆ కలయికతో కిందికి దిగింది. మగవాళ్ళతో కలిసి ఆడినందుకు కట్టిన అపరాధ రుసుము అది. ప్రకృతి కట్టిన గోడకైతే ఇన్ని ఉత్తర్వులు అవసరమయ్యేవి కావు.

మన తెలుగు నేలమీద ఈ గోడను చిన్నప్పుడే దాటిన అమ్మాయి కోనేరు హంపి. 1999లో అహ్మదాబాదులో జరిగిన ఆసియా యువ పోటీలలో పన్నెండేళ్ళ లోపు విభాగంలో అబ్బాయిలతో ఆడి గెలిచింది. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్ అయింది. 2002లో జావో షుయెతో సమానంగా పాయింట్లు తెచ్చుకుని కూడా టైబ్రేక్ లెక్కలో రెండో స్థానంలో నిలిచింది. అదే ఏడాది పదిహేనేళ్ళ వయసులో, జూడిత్ పోల్గార్ రికార్డును దాటి, గ్రాండ్‌మాస్టర్ హోదా పొందింది. ద్రోణవల్లి హారిక 2008లో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్ అయి, 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. వీళ్ళ గురించి గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ హంపికి శిక్షణ ఇవ్వడానికి ఆమె తండ్రి లెక్చరర్ ఉద్యోగం వదులుకున్న సంగతిని ఒక త్యాగకథగా మాత్రమే చెప్పుకుని ఊరుకుంటున్నాం. ఉద్యోగం వదులుకోగలిగిన తండ్రి ఉంటేనే ఆడపిల్ల పైకి రాగలదంటే అది ఆ కుటుంబం గొప్పదనమే కాదు, మన వ్యవస్థ లేమి కూడా. షిఫ్టు మానితే జీతం కోత పడే తండ్రి ఏం వదులుకోగలడు? రోజుకూలీ తల్లి ఏం వదులుకోగలదు?

2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ హంపికీ, నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్‌కీ మధ్య జరిగింది. హంపికి 38 ఏళ్ళు, దివ్యకు 19. ఒకరు 2001లో, ఒకరు 2024లో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్లు. మొదటి రెండు ఆటలు డ్రా. టైబ్రేక్‌లో మొదటి ర్యాపిడ్ ఆట కూడా డ్రా. తర్వాతి ఆటలో దివ్య గెలిచింది. ఆ మూడు డ్రాలనూ ఎవరూ 'ఇచ్చారు' అనలేదు. ఎదురెదురుగా ఇద్దరూ స్త్రీలే, ఇద్దరికీ కావలసిన శిక్షణ ఉంది, సమయం ఉంది, ఇంటికి ఎలా చేరాలన్న బెంగ లేదు. అలాంటి చోట అరపాయింటు నిజంగా అరపాయింటే.

కానీ ఆ విజయంతో దివ్య దేశంలో 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ 88 మందిలో స్త్రీలు నలుగురు. హంపి, హారిక, వైశాలి, దివ్య. మొదటి ఆమె నుంచి నాలుగో ఆమె దాకా ఇరవైమూడేళ్ళు పట్టింది. ఆ నలుగురిలో తెలంగాణ అమ్మాయి లేదు. వరంగల్ నుంచి వచ్చిన ఎరిగైసి అర్జున్ పద్నాలుగేళ్ళకే గ్రాండ్‌మాస్టరై, 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటాడు. అంటే మన చిన్న ఊళ్ళలో బుద్ధికి, శిక్షణకు కరువు లేదు. ఆ శిక్షణ గది దాకా ఎవరు వెళ్ళగలుగుతున్నారన్నదే ప్రశ్న. బహుమతుల సంగతి చూసినా, ఆ మహిళల ప్రపంచ కప్ విజేతకు 50,000 డాలర్లు. అదే ఏడాది నవంబరులో గోవాలో ముగిసిన ఓపెన్ ప్రపంచ కప్ విజేతకు 1,20,000 డాలర్లు. అక్కడ మాత్రం సగం కూడా దక్కలేదు.

అలాగని అమ్మాయిలకు వేరే విభాగాలు, వేరే బహుమతులు అనవసరమని నేను అనడం లేదు. మగపిల్లలతో కిక్కిరిసిన గదిలోకి మొదటిసారి అడుగుపెట్టే పదేళ్ళ పిల్లకు అవి ధైర్యం ఇస్తాయి, తల్లిదండ్రులకు పంపడానికి ఒక కారణం ఇస్తాయి. రిజర్వేషన్ల గురించి మనం ఎన్నాళ్ళుగానో చెబుతున్న మాటే ఇక్కడా వర్తిస్తుంది. అది మెట్టు కావాలి, పైకప్పు కాకూడదు. 'నీకు అమ్మాయిల బహుమతి ఎలాగూ వస్తుంది, డ్రా చేసుకో' అన్న సలహా వినబడిన రోజున మెట్టు పైకప్పుగా మారినట్టే.

ఈ ఆటలో నాకు నచ్చే న్యాయం ఒకటుంది. అర్పద్ ఎలో రూపొందించగా ప్రపంచ సమాఖ్య 1970లో స్వీకరించిన రేటింగు పద్ధతి డ్రాను ఇద్దరికీ ఒకేలా లెక్కించదు. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవారు నూటికి సుమారు 76 పాయింట్లు తెచ్చుకుంటారని అంచనా. అందుకే ఆట డ్రా అయితే కిందివారి రేటింగు పెరుగుతుంది, పైవారిది తగ్గుతుంది. టోర్నమెంటు పట్టికలో సమానంగా కనబడే అరపాయింటును, ఎవరు ఎక్కడినుంచి వచ్చారో చూసి మళ్ళీ తూకం వేస్తుందన్నమాట. సమాన ఫలితం వేరు, సమాన విలువ వేరు అని మనం సామాజిక శాస్త్రంలో ఎన్నో పేజీలు రాసి చెప్పేది ఈ చిన్న లెక్కలో ఉంది. అయితే ఆ లెక్క కూడా పాత ఆటల ఫలితాలనే చూస్తుంది. అంట్లు తోమిన గంటలు, తమ్ముణ్ణి చూసుకున్న సాయంత్రాలు, తోడు లేక వెళ్ళని పోటీలు దానికి తెలియవు. వాటిని లెక్కలోకి తీసుకోవలసింది మనం.

అన్నీ దాటి పెద్ద పోటీల దాకా వెళ్ళినా చూపుల బాధ తప్పదు. 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లో టోర్నమెంటు ముగిశాక, తన ఎత్తులను వదిలి తన బట్టలు, జుట్టు, మాట యాస గురించి జనం మాట్లాడుకుంటున్నారని దివ్య బాహాటంగా చెప్పింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. హారిక 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి, కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. హంపి 2017లో తల్లి అయ్యాక 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. వాళ్ళు చేయగలిగారు కనుక అందరూ చేయవచ్చు అనడం అన్యాయం. వాళ్ళు అంత కష్టపడి ఎందుకు చేయవలసి వచ్చింది అని అడగడం న్యాయం.

కాబట్టి మనం అడగవలసినవి పెద్ద కోరికలు కావు. పిల్లల పోటీల ఆఖరి రౌండు వెలుతురు ఉండగానే ముగిసేలా షెడ్యూలు వేయాలి. అది కుదరకపోతే ఆడపిల్లలను ఇంటిదాకా చేర్చే బాధ్యత నిర్వాహకులు తీసుకోవాలి. పోటీకి వచ్చే అమ్మాయితో పాటు తోడుగా వచ్చే తల్లికీ ప్రయాణ ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వాలి. ప్రతి పోటీలో కనీసం ఒక మహిళా ఆర్బిటర్ ఉండాలి, వేధింపుపై ఫిర్యాదు ఎవరికి చేయాలో గోడమీద తెలుగులో రాసి ఉండాలి. పరిశ్రమల టౌన్‌షిప్‌లలోని క్లబ్బులు, ఆటగదులు ఉద్యోగుల పిల్లలకే గాక కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు, చుట్టుపక్కల బస్తీల పిల్లలకు కూడా తెరవాలి. ఆ నేల, ఆ నీళ్ళు, ఆ బొగ్గు వాళ్ళవి కూడా. కార్మిక సంఘాలు బోనసు, క్వార్టర్ల గురించి అడిగే పత్రంలో కూతుళ్ళ ఆటల గురించి ఒక్క పంక్తి చేర్చాలి.

ఇంట్లో చేయవలసింది ఇంకా ఉంది. పదో తరగతి రాగానే 'ఆడింది చాలు, ఇక చదువుకో' అని కూతురికి మనమే డ్రా ప్రతిపాదిస్తాం. డిగ్రీ కాగానే 'చదివింది చాలు' అంటాం. ఉద్యోగం వచ్చాక 'చేసింది చాలు' అంటాం. ప్రతిసారీ ప్రేమతోనే అంటాం, ప్రతిసారీ ఆమె ఒప్పుకుంటుంది. ఒప్పుకుంది కనుక అంతా సవ్యంగా ఉందనుకుంటాం. వద్దంటే ఏమవుతుందో ఆమెకు తెలిసి ఉండబట్టే ఒప్పుకుందేమోనని ఒక్కసారి అడిగి చూడం.

డ్రాకు ఒప్పుకోవడం తప్పు కాదు. మంచి ఆటగాళ్ళకు ఎప్పుడు ఒప్పుకోవాలో తెలుస్తుంది. కానీ ఒప్పుకోవడానికి విలువ ఉండాలంటే వద్దనడం సాధ్యం కావాలి. ఒక భటుడు ఎక్కువ ఉన్న ఆడపిల్ల తల ఎత్తకుండా తర్వాతి ఎత్తు వేసి, రాత్రి ఎనిమిదింటికి ఆట ముగించి, గెలిచినా ఓడినా ఎవరి మాటా పడకుండా ఇంటికి వెళ్ళగలిగే ఊరు కావాలి మనకు. అరపాయింటు చాలో చాలదో అప్పుడు ఆమే చెబుతుంది.